పసుపు వైరు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా అన్నయ్య కొడుకు సుధీర్ పేరాల ఊళ్ళో చీరల మూటలు ఎక్కించుకుని తెనాలి వెళ్తూ, దారిలో బాపట్లలో మా ఇంటి ముందు పికప్ ఆపాడు. నేను వసారాలో కూర్చుని గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకానికి అట్ట వేస్తున్నాను. వాడు చెప్పులు విడవకుండానే మెట్ల దగ్గర నిలబడి, "అత్తా, మీటరు లైట్లు వెలగట్లేదు. ఒకసారి చూస్తావా?" అన్నాడు. నేను కళ్ళజోడు సర్దుకుని ఏదో అడగబోయేలోపు వాడే, "ముందు వెనక్కెళ్ళే చూశాన్లే. వెనక ఎర్రలైట్లు కూడా లేవు. నాన్న చెప్పినట్టే చేశాను" అన్నాడు.

వాళ్ళ నాన్న, మా ప్రభాకరం అన్నయ్య, పోయి రెండేళ్ళు దాటింది. స్టీరింగు ముందున్న మీటరు లైట్లు ఆరిపోతే బండి వెనక్కి వెళ్ళి చూడాలన్న చిన్న మాటని కొడుకు చేత అంతగా వల్లెవేయించి పోయాడు. అలా ఎందుకు వల్లెవేయించాడో సుధీర్‌కి తెలుసు. మా వదినకి తెలుసు. భట్టిప్రోలులో ఒక ముసలావిడకి తెలుసు. నేనూ వాళ్ళు ముగ్గురూ కాక ఇంకెవరికీ తెలియదు. ఈ వయసులో, ఇన్ని పుస్తకాలు చదివాక కూడా, ఆ సంగతి ఒక కాగితం మీద పెట్టలేకపోతే నేను చదివిన చదువుకి అర్థం లేదనిపించి ఇది మొదలుపెట్టాను.

అప్పట్లో మేము రేపల్లెలో ఉండేవాళ్ళం. నాన్న లూథరన్ బడిలో పంతులుగా చేసి మానేశారు. ఉదయం బైబిలు, సాయంత్రం పేపరు, రెండింటినీ ఒకే గొంతుతో పైకి చదివేవారు. అమ్మకి మాత్రం అన్నయ్య పికప్ వచ్చిన రోజు నుంచి రోజంతా దాని చుట్టూనే తిరిగేది. తీరం వైపు నుంచి చేపల బుట్టలు, ఐసు, తెనాలి మార్కెట్టుకి తోలేవాడు అన్నయ్య. మా పెరడంతా ఎప్పుడూ తడిసిన గోనెపట్టాల వాసన, నీచు వాసన. దాని మీద అమ్మ చల్లే ఫినాయిలు వాసన. వీటన్నిటి మధ్యలోంచి పొయ్యి మీద ఉడికే గోంగూర పులుపు వచ్చేది. కొత్తగా కాపురానికొచ్చిన వదిన మొదటి నెలంతా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే తిరిగింది. రెండో నెల నుంచి, బండి ఆలస్యమైతే ఆ వాసన కోసమే వీధి చివరిదాకా చూసేది. అన్నయ్య బయల్దేరే ముందు అమ్మ బానెట్టు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఇంజను వేడికి చెయ్యి కాలుతున్నా తీసేది కాదు. అమ్మ ఆమెన్ అనేదాకా అన్నయ్య గేరు వేసేవాడు కాదు.

అన్నయ్యకి ఇంకో అలవాటు ఉండేది. సీట్లో కూర్చోగానే జేబురుమాలు తీసి మీటరు గాజుని, అద్దంలో మొహం తుడుచుకున్నంత శ్రద్ధగా తుడిచేవాడు. పొద్దు వాలిందంటే లైటు స్విచ్చు ఒక మెట్టు లాగి, మీటరు వెనక పసుపు వెలుగు రాగానే, "ఆఁ, ఉన్నాయి" అనుకునేవాడు. ఆయనకి బండి నేర్పిన పెద్ద డ్రైవరు చెప్పాడట: ఈ బళ్ళల్లో లోపల వెలుగుందంటే వెనకాల ఎర్రలైట్లు ఉన్నట్టే, దిగి చూడక్కర్లేదని. ఆ మాట నా ఎదురుగానే వందసార్లు అనుంటాడు. అమ్మ ప్రార్థన విన్నట్టే దాన్నీ విన్నాను. ఇంట్లో రోజూ వినపడే మాటల్లో ఎంత విషయం ఉంటుందో అప్పట్లో నాకు తెలియదు. విషయమంతా గ్రంథాలయంలో ఉంటుందనుకునేదాన్ని.

ఇంటరు తప్పాక నన్ను మళ్ళీ కట్టమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. రేపల్లె శాఖా గ్రంథాలయం తలుపులు తీసే వేళకి వెళ్ళి, మూసే వేళకి వచ్చేదాన్ని. మూడు బీరువాల్లో రెండున్నర చదివేశానని గర్వం. నక్షత్రాల గురించి, తేనెటీగల గురించి, హోమియో మందుల గురించి, ఇంట్లో ఎవరు ఏది మాట్లాడినా "దాని గురించి ఒక పుస్తకం ఉంది" అనేదాన్ని. వదిన నవ్వుతూ, "సరళా, పప్పులో ఉప్పెక్కువైతే ఏం చెయ్యాలో కూడా ఏ బీరువాలో ఉందో చూడమ్మా" అనేది. ఆ బీరువాల్లోనే, మోటారు బళ్ళ మరమ్మత్తు గురించి నీలం అట్ట పుస్తకం ఒకటి దొరికింది. మూడుసార్లు తెచ్చుకుని చదివాను. కరెంటు అధ్యాయం చివర మడతపెట్టిన పెద్ద పటం ఒకటి ఉండాలి. దాన్ని నాకంటే ముందు ఎవరో చింపుకుపోయారు. చింపిన అంచు పళ్ళు పళ్ళుగా మిగిలి ఉండేది. పటం లేకపోయినా మాటల్లోంచి గ్రహించగలనని నాకు నమ్మకం.

ఆ ఏడు వానాకాలంలో మీటరు లైట్లు పోయాయి. మిగతా అందరికీ అది చిరాకు. నాకు మాత్రం పండగ. పుస్తకంలో చెప్పిన వరసలోనే వెళ్ళాను. మొదట వెలుగు హెచ్చుతగ్గులు చేసే చిన్న మీట ఎవరి మోచెయ్యో తగిలి తగ్గిపోయిందేమో చూడాలి. అది సరిగానే ఉంది. తర్వాత బల్బులు. మీటరు వెనక్కి చెయ్యి దూర్చి, చిటికెనవేలి గోరంత బల్బుల్ని ఒక్కొక్కటే తిప్పి తీసి బ్యాటరీకి ఆనించాను. మూడూ వెలిగాయి. తర్వాత ఫ్యూజు. గాజు గొట్టంలో సన్నటి తీగ తెగిపోయి, గాజంతా పొగచూరినట్టు ఉంది. కొత్తది వేశాను. పగటిపూట ఆ లైట్లు వెలిగిందీ లేనిదీ తెలియదు కాబట్టి, చలికాలంలో కప్పుకునే పాత రగ్గు తెచ్చి అద్దం మీద, తలుపుల మీద కప్పేసి, నేనూ అన్నయ్యా లోపల కూర్చున్నాం. బయట మిట్టమధ్యాహ్నం, లోపల చిమ్మచీకటి, ఉక్క, రగ్గులోంచి కలరా ఉండల వాసన. అన్నయ్య స్విచ్చు లాగాడు. అంకెలన్నీ పసుపుగా తేలాయి.

"ఓసినీ!" అన్నాడు అన్నయ్య. "చీకట్లో నీ మొహం కనపడుతోందే."

"ఎలా ఉంది?"

"పంతులమ్మలా ఉంది."

రగ్గు బయట నుంచి వదిన, "అన్నాచెల్లెళ్ళు అక్కడే కాపురం పెడతారా, అన్నానికి వచ్చేదుందా?" అని కేకేసింది.

రెండు రోజులకి వానపడ్డప్పుడు ఆ ఫ్యూజు మళ్ళీ పోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ పోయింది. తెనాలిలో, అంగలకుదురు వైపు వెళ్ళే రోడ్డు పక్కన మస్తాన్ గారని ఒక పెద్దాయన రేకుల షెడ్డులో బళ్ళ కరెంటు పని చేసేవారు. అన్నయ్య నన్ను కూడా ఎక్కించుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయనకి చదువు రాదు. వైర్లని రంగులతో కూడా కాదు, వేళ్ళతో తడిమి గుర్తుపట్టేవారు. నేను చెప్పిందంతా తల వంచుకుని విన్నారు.

"బల్బులు తీసి చూశావా అమ్మా?"

"చూశానండి. మీటా చూశాను. ఫ్యూజు నాలుగోది."

"బాగా చేశావు. నా దగ్గర పనిచేసేవాళ్ళు కూడా ఇంత వరసగా చూడరు. అయితే ఫ్యూజు మార్చుకుంటూ పోతే లాభం లేదమ్మా. అది ఎందుకు పోతోందో చూడాలి. లోపలి లైట్లకీ వెనక లైట్లకీ ఒకటే ఫ్యూజు. వెనకాల ఐసు నీళ్ళు కారి, వెనక తలుపు కింద ఎక్కడో వైరు పైతొడుగు ఊడి బాడీకి తగులుతోంది. నువ్వు వెనకాల వెతుకు."

"రెండు రోజులు బండి ఉంచితే నేను చూస్తాను" అని కూడా అన్నారు. అన్నయ్య నా వంక చూశాడు. సీజను. చేపలు ఆగవు. నేను, "రెండు రోజులెందుకన్నయ్యా? నాకు తెలుసులే ఏం చెయ్యాలో" అన్నాను. మస్తాన్ గారు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "నీ ఇష్టం తల్లీ" అన్నారు. ఆయన చెప్పింది తప్పని అనుకోలేదు. కానీ బురదలో పడుకుని బండి కింద వెతకడం నా చదువుకి తగిన పనిగా కనపడలేదు. కాగితం మీద గీత గీసినట్టు తేలిగ్గా తేలే దారి ఒకటి నాకు తోచింది.

దివాన్ కింద పాత రేడియోలోంచి తీసిన పసుపు వైరు మూరెడు ఉంది. లైటు స్విచ్చు దగ్గర్నుంచి ఫ్యూజుతో పని లేకుండా, ఆ వైరుని నేరుగా మీటరు లైట్లకి కలిపాను. నల్ల టేపు చుట్టాను. ఫ్యూజు స్థానంలో ఇంకో కొత్తది వేసి, వెనక లైట్లని వాటి మానాన వాటిని వదిలేశాను. ఆ రోజు వెనకవి కూడా వెలుగుతూనే ఉన్నాయి, చూశాను. వానలు పడుతున్నా ఆ తర్వాత మీటరు లైట్లు ఒక్కసారి ఆరలేదు. అన్నయ్య తెనాలి మార్కెట్లో కనపడ్డవాళ్ళందరికీ, "మా చెల్లెలు కట్టింది, పుస్తకం చూసి" అని చెప్పుకున్నాడు. గ్రంథాలయంలో పుస్తకం తిరిగిచ్చేటప్పుడు, చింపుకుపోయిన ఆ పటం అంచుని వేలితో నిమిరి, నువ్వు లేకపోయినా చేశాను చూశావా అనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం అన్నయ్య తెనాలి నుంచి ఖాళీ బుట్టలతో వస్తూ, భట్టిప్రోలు దాటాక కాలవ పక్కన పట్టా తాడు ఊడితే బండి పక్కకి తీసి ఆపాడు. మసక పడుతోంది. స్విచ్చు ఒక మెట్టు లాగి, మీటరు వెలగడం చూసి, "ఆఁ, ఉన్నాయి" అనుకుని దిగాడు. ముందు వైపు నుంచి తాడు లాగి కడుతుండగా వెనకాల పెద్ద శబ్దం వచ్చింది. వీరరాఘవులు గారని భట్టిప్రోలులో మగ్గం నేసే ఆయన, నూలు కట్టలు వెనక కట్టుకుని మోపెడ్ మీద వస్తూ, ఆగి ఉన్న బండిని చూసుకోలేదు. ఎడమ మోకాలు బండి వెనక తలుపుకీ మోపెడ్‌కీ మధ్య నలిగిపోయింది. అన్నయ్యే ఆయన్ని సీట్లో పడుకోబెట్టుకుని తెనాలి ఆసుపత్రికి తోలుకెళ్ళాడు. దారంతా ఆయన ఒకటే మాట అన్నారట, తిట్టుగా కాదు, నిజంగా అర్థంకాక అడిగినట్టు. "లైటేసుంటే కనపడేదిగా బాబూ?"

"వేశానండి" అన్నాడట అన్నయ్య.

మగ్గం గుంటలో కూర్చుని రెండు కాళ్ళతో కర్రలు తొక్కితే గానీ నేత సాగదు. ఆ కాలు మళ్ళీ వంగలేదు.

బండిని పోలీసు స్టేషను ఆవరణలో వేపచెట్టు కింద పెట్టారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా తియ్యకూడదన్నారు. మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య క్యారియరూ రెయిన్‌కోటూ తెచ్చుకుంటానని నేను వెళ్ళాను. కానిస్టేబులు, "తీసుకో అమ్మా" అని తలుపు చూపించి లోపలికి పోయాడు. నాకు అప్పటికే అనుమానం పట్టుకుంది. సీట్లో కూర్చుని రెయిన్‌కోటు తలమీదుగా కప్పుకుని, మీటరు గాజుకి మొహం ఆనించి స్విచ్చు ఒక మెట్టు లాగాను. ఆ లైట్లకి తాళంతో పనిలేదు. అంకెలన్నీ చక్కగా పసుపుగా వెలిగాయి. దిగి వెనక్కి వెళ్ళి, ఎర్ర గాజు మీద అరచేతులు రెండూ దోసిలిగా అడ్డం పెట్టి చూశాను. చీకటి. రెండోదీ అంతే.

రెండింటికీ ఒకటే ఫ్యూజన్న మస్తాన్ గారి మాట అప్పుడు వినపడింది. ఆయన అన్నప్పుడు కాదు.

ఆ తర్వాత నేను చేసిన పని ఇప్పటికీ నా చేతులకి గుర్తుంది. లైట్లు పనిచెయ్యకపోతే అన్నయ్యని జైల్లో పెడతారేమోనన్న భయం ఒకటే నన్ను ఆడించింది. పోయిన ఫ్యూజు తీసి, చేతిసంచీలో ఉన్న కొత్తది వేశాను. పసుపు వైరుని లాగేసి, పాత వైరుని దాని చోట దాన్ని కలిపాను. వానలేక వెనకంతా ఎండిపోయి ఉంది కాబట్టి ఫ్యూజు నిలబడింది. అన్నీ వెలిగాయి. క్యారియరులో వైరు పెట్టుకుని ఇంటికొచ్చాను. అన్నయ్యని కాపాడాననే అనుకున్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి స్విచ్చు లాగాడు. ముందూ వెనకా తిరిగి చూశాడు. "లైట్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. వెయ్యలేదయ్యా నువ్వు" అన్నాడు.

"వేశాను సార్."

"వేస్తే ఎందుకు వెలగవు? ఇప్పుడు వెలుగుతున్నాయిగా?"

"వేశాను సార్. మీటరు చూశాను."

"అబద్ధమాడినా అతికినట్టుండాలి" అని ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. నేను గేటు దగ్గర నాన్న పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. బండికి లోపం ఉందని తేలినా శిక్ష శిక్షే కావచ్చు, కానీ అన్నయ్య అబద్ధాలకోరు కాకపోయేవాడు. ఆ లోపాన్ని నేనే మాయం చేశాను. అది చెప్పాలంటే ముందు దాన్ని పెట్టింది నేనని చెప్పాలి. ఇరవై ఏళ్ళ పిల్లని, మూడు బీరువాల చదువుదాన్ని. చెప్పలేదు. రెండు వారాల తర్వాత తెనాలిలో మస్తాన్ గారు కనపడి, "ఆ వెనక వైరు వెతికావా అమ్మా?" అని అడిగితే, "వెతికానండి, బాగుచేశాను" అన్నాను. ఆయన నా కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, సరేనమ్మా అని పనిలో పడ్డారు.

లైసెన్సు కొన్నాళ్ళు ఆపి మళ్ళీ ఇచ్చారు గానీ అన్నయ్య ఇంక బండి నడపలేదు. పికప్ అమ్మేసి, రైసుమిల్లులో బస్తాలు తూచే పనికి కుదిరాడు. మా పెరట్లోంచి నీచు వాసన పోవడానికి ఏడాది పట్టింది. బయల్దేరే బండి లేక అమ్మ ఆ వేళకి వచ్చి ఖాళీ గడపలో నిలబడి, చెయ్యి ఎక్కడ ఆనించాలో తెలియనట్టు చూసి లోపలికి పోయేది. అవన్నీ ఎలాగో అలవాటయ్యాయి. నాకు అలవాటు కానిది ఒకటే, అన్నయ్య మాట మారిపోవడం. మొదట్లో ఎవరడిగినా "వేశాను" అనేవాడు, గట్టిగా, కోపంగా. నాకు పెళ్ళయి బాపట్ల వచ్చేనాటికి "వేశాననే అనుకుంటున్నా" అనేవాడు. వీరరాఘవులు గారిని చూడటానికి ఏడాదికి రెండుమూడుసార్లు భట్టిప్రోలు వెళ్ళొచ్చేవాడు. ఒకసారి అలా వెళ్ళొచ్చి, "తాడు గొడవలో పడి మర్చిపోయానేమోనే సరళా" అన్నాడు. నేను గిన్నెలో అన్నం కలుపుతూనే ఉన్నాను. వదిన విసుగ్గా, "మర్చిపోయావని మొదట్నుంచీ నేను చెప్తూనే ఉన్నా. ఒప్పుకోడానికి ఇన్నేళ్ళు కావాలా?" అంది. తను కళ్ళారా చూసిన వెలుగుని ఒక మనిషి కొంచెం కొంచెంగా చూడలేదనుకోవడం నేను పక్కనే ఉండి చూశాను.

బాపట్ల గ్రంథాలయంలో నాకు ఆ నీలం అట్ట పుస్తకం మళ్ళీ దొరికింది, చిరగని ప్రతి. అక్కడే నిలబడి కరెంటు అధ్యాయం చివరి పటం విప్పాను. స్విచ్చు నుంచి గీత ఫ్యూజుకి వచ్చి, అక్కడ రెండుగా చీలి, ఒకటి మీటరుకీ ఇంకొకటి బండి చివరిదాకా వెళ్ళి ఎర్రదీపాలకీ చేరుతోంది. ఒక్క ఫ్యూజు. పటం చింపినవాణ్ణి తిట్టుకోబోయి ఆగిపోయాను. ఆ పటాన్ని మస్తాన్ గారు నాకు నోటితో చెప్పారు. మా అన్నయ్య రోజూ సాయంత్రం చెప్పాడు.

మూడేళ్ళ కిందట సుధీర్ తన మొదటి పికప్ కొన్నాడు. అన్నయ్య అప్పటికి ఊపిరి అందక మంచం మీద ఎక్కువ, కుర్చీలో తక్కువగా ఉంటున్నాడు. నేను రేపల్లె వెళ్ళాను. అన్నయ్య బండి చూస్తానని పట్టుబట్టి, నేనూ సుధీరూ చెరో చెయ్యీ పట్టుకుంటే వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను పక్కన ఎక్కాను. ఇప్పటి బళ్ళల్లో పగలే ఏవేవో గుర్తులు వెలుగుతాయి. తలుపు పడకపోతే ఒక బొమ్మ, బెల్టు పెట్టకపోతే ఒక మోత. మనిషి మర్చిపోవడానికి వీల్లేకుండా చేశారు. అన్నయ్య జేబులో వెతుక్కుని, రుమాలు లేక చొక్కా అంచుతో మీటరు తుడిచాడు. బయట నిలబడ్డ కొడుకుతో, "సుధీరూ, దిగే ముందు లైటు చూసుకోరా. నేను వెయ్యడం మర్చిపోయి ఒకాయన కాలు తీశాను" అన్నాడు.

మర్చిపోయానేమో కాదు. మర్చిపోయి.

"నువ్వు మర్చిపోలేదన్నయ్యా" అన్నాను. సుధీర్ని లోపలికి పంపించి మొత్తం చెప్పాను. పసుపు వైరు, వేపచెట్టు, రెయిన్‌కోటు. అన్నయ్య స్టీరింగు మీద చేతులుంచి ముందుకే చూస్తూ విన్నాడు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను.

"నువ్వు వెళ్ళి చూసినప్పుడు లోపల వెలిగాయా?"

"వెలిగాయి."

"అంటే నేను వేశాను."

"వేశావు."

చొక్కా అంచుతో మీటరు గాజుని ఇంకోసారి తుడిచాడు. తర్వాత, "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదే?" అన్నాడు. దిగేటప్పుడు నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. తలుపు పట్టుకుని తనే మెల్లగా దిగి, "మీ వదినకి కూడా చెప్పు, ఇదే మాట" అని లోపలికి నడిచాడు. వదినకీ చెప్పాను. తను మునక్కాయల పళ్ళెం ఒళ్ళోంచి దించి కింద పెట్టింది.

పదిరోజుల తర్వాత ఫోన్ చేయించాడు. భట్టిప్రోలు వెళ్ళాలి, రమ్మని. సుధీర్ తోలాడు. వీరరాఘవులు గారు పోయి అప్పటికి ఐదేళ్ళు. ఆ సంగతి అన్నయ్యకి తెలుసు. ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. లోపల మగ్గం గుంట మీద బల్లలు పరిచి బియ్యం డబ్బాలు పెట్టుకున్నారు. అన్నయ్య కూర్చోకుండా నిలబడి, "చెప్పవే" అన్నాడు. నేను చెప్పాను.

"అయితే తప్పు నీదన్నమాట" అంది ఆవిడ నాతో.

"అవునండి."

"ఆయన పోయేదాకా తప్పు ఈ బాబుదే అనుకున్నాడు. నేనూ ఈయన్నే తిట్టుకున్నాను." అన్నయ్య వైపు తిరిగింది. "ఎండన పడొచ్చారు. మజ్జిగ తాగి వెళ్ళండి."

తెచ్చిన గ్లాసులు మూడు. నాకూ ఇచ్చింది. ఆ మజ్జిగ తాగడం కంటే కష్టమైన పని నేనింకా చెయ్యలేదు.

తర్వాత అన్నయ్య మూడు నెలలు బతికాడు. నాతో మాట్లాడాడు, మునుపటిలా కాదు గానీ మాట్లాడాడు. ఎవరు పలకరించడానికి వచ్చినా ఏదో ఒక వంకన బండి మాట తెచ్చి, "ఆ రోజు నేను లైటు వేశాను" అనేవాడు. వచ్చినవాళ్ళకి అదేంటో అర్థమయ్యేది కాదు. పాపం, మందుల మత్తు అనుకునేవాళ్ళు. వదిన మాత్రం ప్రతిసారీ, "వేశావు, నాకు తెలుసు" అనేది.

పోయిన నెల సుధీర్ బండికి వచ్చిన రోగం పెద్దదేమీ కాదు. గంటసేపు వెనక తలుపు కింద పడుకుని వెతికాం, నేను కూడా, ఈ మోకాళ్ళతో. మూటల తాడు రాసుకుని వైరు పైతొడుగు ఊడి రేకుకి తగులుతోంది. టేపు చుట్టి, పక్కకి తప్పించి కట్టి, ఫ్యూజు మార్చాం. వాడు, "బయట ఎండ, ఏం తెలుస్తుందత్తా" అంటే, లోపల్నుంచి దుప్పటి తెచ్చి అద్దం మీద కప్పమన్నాను. నేను లోపల కూర్చుని తలుపు వేసుకున్నాను. చీకటి, ఉక్క. స్విచ్చు తిప్పాను. అంకెలు వెలిగాయి. తెల్లగా, చల్లగా, ఇప్పటి వెలుగు.

"వెనకాల?" అని కేకేశాను.

"వెలుగుతున్నాయత్తా" అన్నాడు సుధీర్.

"ఇంకోసారి చెప్పరా" అన్నాను.